ఒక్క గోడ వంటిల్లు

పాత వంటింటి సామానంతా హాల్లో గుట్టలు పడి ఉంది. బోసిపోయిన వంటింట్లో ముగ్గురు నిలబడ్డారు: ఆ ఇంటి పెద్దకోడలు, ఆమె తోడికోడలు చిట్టి, చంకలో చుట్టచుట్టిన కాగితంతో వంటిళ్ళు బిగించే మేస్త్రీ. పెద్దకోడలికి పొద్దుటి నుంచీ ఒళ్ళు మండిపోతోంది. పాపం, ఆ సంగతి మేస్త్రీకి ఇంకా తెలియదు.

“ఏదీ, మేస్త్రీ గారూ? ఈ బొమ్మలో గోడ ఎక్కడుంది?”

“ఇదిగో మేడం, ఇదే గోడ. పొయ్యి, సింకు, ఫ్రిజ్, పైన అల్మరాలు, అన్నీ దీనికే వరసగా వస్తాయి. మిగతా గదంతా ఖాళీ. ఎంత పొందిగ్గా ఉందో చూడండి.”

“ఇది మా మామగారు కట్టించిన గోడ. ముందు నుంచీ ఉన్నదే. కొత్త గోడ ఏదని అడుగుతున్నాను.”

“కొత్త గోడ ఎందుకు మేడం?”

“నన్నడుగుతారేం? చిట్టీ, నువ్వు చెప్పు.”

“నేనేం చెప్పనక్కా. అన్నదమ్ములు, వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకున్నారు.”

“వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకునేవాళ్ళయితే ఈ గొడవే లేదు కదా. మేస్త్రీ గారూ, అసలు మీతో మాట్లాడిందెవరు?”

“సారండీ. ఏ సారో తెలీదు. ఫోన్ చేసి, ‘మా వంటింటికి ఒక్క గోడ కావాలి. ఒక్క గోడ పడితే అందరికీ ప్రశాంతం’ అన్నారు. నేనింకా అడిగాను మేడం, ఒక్క గోడేనా సార్, ఎల్ షేపుంది, యూ షేపుంది, చూస్తారా అని. ‘ఎల్లూ లేదు గిల్లూ లేదు, ఒక్క గోడ’ అని పెట్టేశారు. మా షాపులో ఒక్క గోడ వంటిల్లంటే ఇదేనండీ. అన్నీ ఒకే వైపు బిగిస్తాం. చిన్న కుటుంబాలకి బాగుంటుంది.”

“అయ్యో రాత. చిట్టీ, విన్నావా?”

“విన్నాను.”

“నవ్వు రావట్లేదూ నీకు?”

“మీరు నవ్వుతున్నారుగా.”

“నవ్వక ఏం చెయ్యమంటావు? మేస్త్రీ గారూ, ఆయన అడిగింది అది కాదు. ఈ గదిని నడిమికి కోసి మధ్యలో గోడ లేపమని. అటు వాళ్ళ వంటిల్లు, ఇటు మా వంటిల్లు. వేరు కుంపటి. తెలిసిందా?”

“అమ్మో. నాకా మాటే చెప్పలేదండీ.”

“చెప్పరు. సిగ్గేసి ఉంటుంది. చెప్పడానికి సిగ్గు, చెయ్యడానికి లేదు.”

“మధ్యలో గోడంటే కష్టం మేడం. కిటికీ ఆ చివర, కుళాయి ఈ చివర. ఒకళ్ళకి వెలుతురొస్తుంది, ఒకళ్ళకి నీళ్ళొస్తాయి.”

“అదీ పంచుకున్నారులెండి. కిటికీ మాకట, కుళాయి వీళ్ళకట. మేము ఎండలో గిన్నెలు తోముకోవాలి, చిట్టి చీకట్లో బియ్యం కడుక్కోవాలి. అంత తెలివి ఇద్దరికీ.”

“కుళాయి ఇంకోటి పెట్టిస్తామన్నారక్కా.”

“అన్నారా? నీతో అన్నారా? నాకెవరూ అనలేదే.”

“ఏదో మాటల్లో అన్నారు.”

“సరే, పోనివ్వండి మేడం. నేను మొదట్నుంచీ మొదలెడతాను. వంటిల్లు గియ్యాలంటే ముందు ఇల్లు తెలియాలి. ఇంట్లో ఎంతమంది?”

“ఎనిమిది మంది.”

“నలుగురం.”

“చిట్టీ.”

“అంటే మా వరకూ నలుగురం అంటున్నానక్కా. ఆయనా, నేనూ, పిల్లలిద్దరూ.”

“మీ వరకూ, మా వరకూ అనేది ఎప్పట్నుంచి మొదలైంది? నీ చిన్నది ఎవరి ఒళ్ళో కూర్చుని తింటుంది? నా పెద్దాడికి పరీక్షలప్పుడు పాలు కాచి ఇచ్చిందెవరు? గోడ పడితే ఆ పిల్లలు ఏ వైపు కూర్చుని తినాలి? మేస్త్రీ గారూ, ఎనిమిదని రాసుకోండి. పెన్నుతో.”

“పెన్సిలే ఉందండీ.”

“గట్టిగా రాయండి.”

“రాశాను మేడం. ఇంతకీ, అడగొచ్చో లేదో, గొడవెందుకొచ్చింది?”

“ఉప్పు.”

“ఉప్పా?”

“ఉప్పే. మా ఆయనకి బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. మా మరిదికేమో ఉప్పూ కారం నాలిక్కి తగలకపోతే ముద్ద దిగదు. కూర ఒకటే. ఆ రోజు మా మరిది నోట్లో పెట్టుకుని, ఇది కూరా గంజా అన్నాడు. మా ఆయన, అయితే నన్ను చావమంటావా అన్నాడు. తమ్ముడు కంచం నెట్టాడు, అన్నగారు లేచి వెళ్ళిపోయారు. అంతే. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.”

“రెండు గిన్నెలు పెడితే సరిపోయేదిగా మేడం?”

“పెట్టలేదనుకున్నారా? పెట్టాను. ‘నాకు వేరే గిన్నా, నేనేమన్నా రోగినా’ అన్నాడు మా ఆయన. మర్నాడు మరిదికి పెట్టాను వేరే గిన్నె. ‘నన్నప్పుడే వేరు చేసేశారా వదినా’ అన్నాడు. ఏ చెంప వాయించుకోను?”

“మరి ఇద్దరూ ఒకే కొట్లో ఉంటారని వీధిలో చెప్పారండీ. మైకులు అద్దెకిచ్చే కొట్టు.”

“ఉంటారు. ఊరందరికీ మైకులిస్తారు, వాళ్ళిద్దరికీ మాత్రం నోరు పెగలదు.”

“పెద్ద స్పీకరు పాడైతే మా ఆయన నాకు ఫోన్ చేసి చెప్తారు. నేను అక్కకి చెప్తాను. అక్క బావగారికి ఫోన్ చేసి చెప్తుంది. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే ఉంటారు.”

“వీళ్ళ కోసం నా వంటింట్లో గోడ లేవాలట. లేవదు. నేను లేవనివ్వను. అసలు ఈ గదిలో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో ఇద్దర్లో ఒక్కళ్ళని చెప్పమనండి. పోనీ చక్కెర డబ్బా ఏదో చెప్పమనండి. అడుగుపెట్టని గదిని కోసే పెత్తనం వీళ్ళకెవరిచ్చారు?”

“అక్కా, మెల్లిగా. వీధిలోకి వినపడుతోంది.”

“వినపడనీ. మైకులవాళ్ళ ఇల్లేగా. కానివ్వండి మేస్త్రీ గారూ, గోడ లేనివి చూపించండి.”

“ఇది ప్యారలల్ మేడం. అటో గట్టు, ఇటో గట్టు, మధ్యలో దారి. ఇద్దరికీ చెరో వైపు.”

“అంటే ఒకళ్ళకొకళ్ళం వీపు పెట్టి వండుకోవాలి. దీనికంటే గోడే నయం. వద్దు.”

“నాకిదే బాగుంది.”

“ఏం బాగుంది చిట్టీ?”

“ఊరికే. బాగుంది.”

“ఊరికే బాగుండడమేంటి? ఎందుకో చెప్పు.”

“ఏముంది, పని చేసేటప్పుడు ఎవరూ తగలరు.”

“ఎవరు తగులుతున్నారిప్పుడు?”

“ఎవరూ తగలట్లేదు.”

“పోనీ యూ షేపు చూడండి మేడం. మూడు వైపులా గట్టే. బోలెడు చోటు. కాకపోతే లోపలున్నవాళ్ళు బయటికి రావాలంటే గుమ్మం దగ్గరున్నవాళ్ళు తప్పుకోవాలి.”

“అయితే నేనే లోపలుంటాను. నేనెవరికీ అడ్డం కాను.”

“అదిగో, పుల్లవిరుపు మాట. నిన్ను అడ్డమని నేనెప్పుడన్నాను?”

“అన్నారని నేననలేదుగా.”

“మరేంటా మాట?”

“ఏం లేదక్కా. మీరేమీ అనరు. నోటితో అనరు.”

“నోటితో కాకపోతే దేనితో అంటాను?”

“మేడం, మేడం. ఒక పని చేద్దాం. రోజూ వండేటప్పుడు ఎక్కడెక్కడ నిలబడతారో అక్కడ నిలబడండి. పాత గట్టు ఆనవాలు గోడకింకా ఉంది. వండుతున్నట్టే చెయ్యండి. నేను కొలతలు తీసుకుంటాను.”

“గాల్లో కూర కలపమంటారా?”

“మా షాపులో అందరి చేతా ఇదే చేయిస్తామండీ. ముందు నవ్వుతారు, తర్వాత నిజంగానే మొదలెడతారు.”

“బాగానే ఉంది సంబరం. రా చిట్టీ. నేనిక్కడ, పొయ్యి దగ్గర. నువ్వు నాకు కుడిపక్కన, కూరలు తరిగే చోట. ఊఁ, కానీ.”

“తరుగుతున్నాను.”

“కలుపుతున్నాను. ఇదిగో, గరిటె ఇలా తిప్పుతానండీ, అడుగంటకుండా... అబ్బా. చూశారా మేస్త్రీ గారూ? చూశారా ఆ మోచెయ్యి? రోజూ ఇదే వరస.”

“నేనా? పొడిచింది మీరు.”

“నేనెందుకు పొడుస్తాను? నా గరిటె నేను తిప్పుకుంటున్నాను.”

“మీ మోచెయ్యే అక్కా. నేనీ ఇంటికొచ్చినప్పట్నుంచీ మీ మోచెయ్యే. ఇదిగో, ఇక్కడ చూడండి, కమిలిపోయింది. మొదట్లో పొరపాటున తగిలిందనుకున్నాను. రోజూ పొరపాటవుతుందా? తర్వాత అర్థమైంది. పక్కకి పొమ్మని నోటితో చెప్పరు మీరు. మోచేత్తో చెప్తారు.”

“ఏంటీ?”

“అందుకే అడిగాను.”

“ఏం అడిగావు?”

“వదిలెయ్యండక్కా.”

“వదలను. ఏం అడిగావు?”

“గోడ.”

“మేడం, నేను కాసేపు బయట నిలబడతాను.”

“కదలకండి మేస్త్రీ గారూ. ఆ టేపు పట్టుకుని అక్కడే ఉండండి. గోడ నువ్వడిగావా చిట్టీ?”

“ఉప్పు గొడవ మర్నాటికి ఆయన మర్చిపోయారు. అన్నయ్యతో మాట్లాడతానని బయల్దేరారు కూడా. నేనే ఆపాను. ఎలాగూ మాటొచ్చింది కదా, వంటింట్లో ఓ గోడ పెట్టించెయ్యండి అన్నాను. నా పొయ్యి నాకుంటే చాలనుకున్నాను. బావగారు కూడా సరేనన్నారని తెలిసి పండగ చేసుకున్నాను. తిట్టండక్కా. తిట్టాల్సింది ఇప్పుడే తిట్టెయ్యండి.”

“తిట్లు రావట్లేదే నాకు. ఏడుపొస్తోంది. పొద్దుట్నుంచీ ఆ ఇద్దర్నీ దులిపేస్తున్నాను, నువ్వు నా పక్కనే నిలబడి వింటున్నావు.”

“విన్నాను.”

“పక్కన నువ్వు లేకపోతే కూరలో ఉప్పేశానో లేదో కూడా నాకు గుర్తుండదు. వేశానా చిట్టీ అని నిన్నే అడుగుతాను. అది కూడా తెలుసుగా నీకు?”

“తెలుసు.”

“తెలిసీ గోడ అడిగావు.”

“నొప్పెట్టిందక్కా.”

“ఏదీ, ఇంకోసారి నిలబడు.”

“ఎందుకు?”

“నిలబడమన్నాను. కూర తరుగు. ఏ చేత్తో తరుగుతున్నావు?”

“నా చేత్తో.”

“అదే, ఏ చేత్తో?”

“ఎడమ చేత్తో. మీకు తెలీదా? నేనొచ్చిన కొత్తలో ఆ చేత్తో వడ్డించొద్దన్నారుగా.”

“వడ్డించొద్దన్నాను. తరగొద్దన్నానా? అయ్యో, అది కాదు నేను చెప్పేది. నీ ఎడమ మోచెయ్యి నా వైపు. నా కుడి మోచెయ్యి నీ వైపు. రెండూ మధ్యలో కొట్టుకుంటున్నాయి. నేను పొడిచానని నువ్వు, నువ్వు పొడిచావని నేను.”

“మీకూ తగిలేదా?”

“తగలదూ? నాది చెయ్యి కాదా? ఈ పిల్లకి నేనంటే గిట్టదు, అందుకే పొడుస్తోంది అనుకుని కడుపులో పెట్టుకున్నాను.”

“ఒక్కసారైనా అనలేదేం?”

“పెద్దదాన్ని కదా, ఓర్చుకోవాలనుకున్నాను. నువ్వు అనలేదేం?”

“చిన్నదాన్ని కదా.”

“సరిపోయింది. ఇటు రా. ఈ ఎడమ చివరికి నువ్వు రా, నేనటు పోతాను. ఇప్పుడు తరుగు. నేను కలుపుతాను. తగిలిందా?”

“లేదు.”

“చెయ్యి బాగా ఆడించు.”

“ఆడిస్తూనే ఉన్నాను. తగలట్లేదక్కా. ఇంతేనా? ఇంతేనా ఇది?”

“ఇంతే. చోట్లు మార్చుకుంటే పోయేదానికి గోడ దాకా వెళ్ళాం.”

“ఏడవకండక్కా.”

“నేనెక్కడ ఏడుస్తున్నాను? నువ్వు ఉల్లిపాయలు తరుగుతున్నావు.”

“మేడం, మరి నేనేం రాసుకోను?”

“రాసుకోండి. గోడ లేదు. ఎల్ షేపు. ఎడమవైపు గట్టు చిట్టిది. అక్కడ తన పొయ్యి తనకి. గరిటెలూ కత్తులూ పెట్టుకునే సొరుగు తన ఎడమచేతికి అందాలి. ఇటువైపు గట్టు నాది, నా పొయ్యి నాకు. సింకు మూల దగ్గర, ఇద్దరికీ. నీకింకేం కావాలో చెప్పు చిట్టీ. నన్ను చూడకు, ఆయనకి చెప్పు.”

“కిటికీ కింద కూడా గట్టు రావాలండీ. తరిగేటప్పుడు నాకు వెలుతురుండాలి. ఇంకా... పైన అల్మరా కాస్త కిందికి. అన్నీ అక్క ఎత్తుకే ఉన్నాయి, నేను స్టూలెక్కి తీసుకుంటున్నాను.”

“స్టూలెక్కుతున్నావా? నేనెప్పుడూ చూడలేదే.”

“మీరు లేనప్పుడు ఎక్కుతాను.”

“బాగుంది. అల్మరాలు కిందికి రాసుకోండి.”

“రాస్తానుగానీ మేడం, ఆర్డరు సారుది. సారునోసారి అడగాలి కదా.”

“ఏ సారుని? పెద్ద సారుని అడిగితే చిన్న సారు కాదంటాడు, చిన్న సారుని అడిగితే పెద్ద సారు వినడు. ఇదిగో, అదే మోగుతోంది ఫోను. మా ఆయనే. ఆఁ, చెప్పండి. వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు. గోడా? లేదండీ. లేదంటే లేదనే. కుదరక కాదు, నేను వద్దన్నాను. ఎవర్నడిగా? మీరు నన్నడిగి గోడ ఆర్డరిచ్చారా? ఏంటీ, గట్టిగా చెప్పండి, మైకు అరుస్తోంది వెనకాల. చిట్టికి చెప్పమంటారా, వాళ్ళాయనకి చెప్పమని? మీ తమ్ముడు మీ పక్క కుర్చీలో ఉన్నాడు, మీరే చెప్పుకోండి. నేనింక ఎవరి మాటా మోయను. ఉంటాను.”

“పెట్టేశారా అక్కా?”

“పెట్టేశాను. ఆయన మాట్లాడుతుండగా పెట్టెయ్యడం ఇదే మొదలు.”

“నాకు మోగుతోంది ఇప్పుడు. ఆయనే. ఆఁ, నేనే. అవును, అక్క అన్నది నిజమే. గోడ నేనడిగాను, నేనే వద్దంటున్నాను. మాట మార్చానా? మార్చాను. మీకు ముందే ఎందుకు చెప్పలేదా? సాయంత్రం ఇంటికి రండి, చెప్తాను. లేదండీ, బావగారికి నేను చెప్పను. ఆయన పక్కనే ఉన్నారు కదా మీకు. పెట్టేస్తున్నాను.”

“పెట్టేశావా?”

“పెట్టేశాను. నాకూ ఇదే మొదలు.”

“రేపట్నుంచి అలవాటవుతుందిలే. చూశారుగా మేస్త్రీ గారూ, సార్లిద్దరికీ చెప్పేశాం. ఇంక మొదలెట్టండి.”

“ఒకటే ఇబ్బంది మేడం, ఇందాకట్నుంచీ చెప్పలేకపోయాను. ఈ ఒక్క గోడ సెట్టు ఉంది చూశారా, అది తయారైపోయింది. మామూలు కొలతకి బోర్డులు కోసి, తలుపులు బిగించి, బండిలో వేసుకునొచ్చాం. వీధిలో ఉంది. కోసిన సరుకు మా షాపువాళ్ళు వెనక్కి తీసుకోరు. ఒక పొయ్యి, ఒక సింకు, పైన రెండు అల్మరాలు. దాన్నేం చెయ్యమంటారు?”

“ఇద్దరు నిలబడే చోటుంటుందా దాని ముందు?”

“ఉంటుందండీ. కాస్త ఇరుకు, అంతే. సర్దుకోవాలి.”

“వెనక వరండాలో గోడ ఉంది. కుళాయీ ఉంది. అక్కడ బిగించండి.”

“అంటే రెండు వంటిళ్ళన్నమాట.”

“రెండు వంటిళ్ళే.”

“అక్కా.”

“ఊఁ.”

“ఎడమవైపు గట్టు, సొరుగూ, వెలుతురూ, ఇవన్నీ ఊరికే అన్నారా?”

“ఊరికే ఎందుకంటాను?”

“నేను గోడ అడిగాను. ఎవరికైనా మనసు విరుగుతుంది. వరండా నాకు, అంతేగా? సరే. నేనేమనుకోను. పిల్లల్ని మాత్రం మీ దగ్గరికి రానివ్వండి.”

“చిట్టీ, నీకు తొందరెక్కువ. అందుకే గోడలడుగుతావు. నోరు మూసుకుని ఇలా నా పక్కన నిలబడు. మేస్త్రీ గారూ, వరండాలో గాలీ వెలుతురూ చాలతాయా?”

“చాలతాయి మేడం. గట్టు ఎత్తొకటి చెప్పాలి. అది ఎవరు వండితే వాళ్ళ నడుముని బట్టి పెట్టాలి. తక్కువైతే వంగి వంగి నడుం పడిపోతుంది. చిన్న మేడం, మీరోసారి నిటారుగా నిలబడితే కొలిచేసుకుంటాను.”

“ఆవిడనెందుకండీ కొలవడం? ఆ వరండాలో వండుకునేవాళ్ళిద్దరూ సాయంత్రం మైకుల కొట్టు కట్టేసి వస్తారు. అప్పుడొచ్చి, అన్నదమ్ముల్ని పక్కపక్కన నిలబెట్టి కొలుచుకోండి.”